పిండాలకు ముందు పచ్చిమేత: దాత ఆవుల్లో బహుళ అండోత్సర్గాన్ని నిర్ణయించే అంశాలు

పిండ మార్పిడి కార్యక్రమాల నివేదికల్లో అందరి దృష్టీ ఒక సంఖ్య మీదే నిలుస్తుంది. ఒక్కో దాత ఆవు నుండి సగటున ఎన్ని పిండాలు లభించాయి? ఆ సంఖ్య ఆశించిన మేరకు లేకపోతే హార్మోను మోతాదు మార్చాలనో, వేరే సంస్థ తయారుచేసిన మందు తెప్పించాలనో, పిండాలు సేకరించే వైద్యుడికి మరింత శిక్షణ ఇవ్వాలనో సూచనలు వస్తాయి. అంతకుముందు రెండు నెలల్లో ఆ ఆవు ఏమి తిన్నది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మేత రిజిస్టరు ఒక గదిలో, హార్మోన్ల రిజిస్టరు మరొక గదిలో ఉండే క్షేత్రాల్లో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివేవారు తక్కువ. పిండోత్పత్తిలో ఎదురవుతున్న నిరాశలో గణనీయమైన భాగం ఈ రెండు గదుల మధ్య దూరం వల్లనే కలుగుతున్నదని చెప్పడానికి తగినన్ని ఆధారాలు ఉన్నాయి.

సాధారణంగా ఆవు ఒక ఎదలో ఒక్క అండాన్నే విడుదల చేస్తుంది. 21 రోజుల ఎద చక్రంలో అండాశయాలపై రెండు లేదా మూడు విడతలుగా అండపుటికలు పెరుగుతాయి. ప్రతి విడతలోనూ అనేక పుటికలు బయలుదేరినా వాటిలో ఒకటి ప్రధాన పుటికగా ఎదిగి మిగిలినవాటిని అణచివేస్తుంది. పుటికలను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోనును బయటి నుండి ఇచ్చి, క్షీణించిపోవలసిన ఆ పుటికలను కూడా పక్వానికి తేవడమే బహుళ అండోత్సర్గం. ఈ హార్మోను ఆవు రక్తంలో కొద్ది గంటలకు మించి నిలవదు. అందువల్ల నాలుగు రోజుల పాటు ఉదయం, సాయంత్రం తగ్గుతున్న మోతాదుల్లో ఇస్తారు. మూడవ రోజున ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చి ఎదకు తెస్తారు. ఎద కనిపించిన 12, 24 గంటలకు కృత్రిమ గర్భధారణ చేసి, ఏడవ రోజున గర్భాశయాన్ని కడిగి పిండాలను సేకరిస్తారు.

వాల్టర్ హీప్ 1890లో కుందేళ్లలో పిండ మార్పిడిని సాధించగా, పిండ మార్పిడి ద్వారా తొలి ఆవుదూడ 1951లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టింది. భారతదేశంలో 1987లో బయోటెక్నాలజీ శాఖ ప్రారంభించిన జాతీయ ప్రాజెక్టుకు జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి సారథ్యం వహించింది. ఇన్నేళ్లలో హార్మోన్లు శుద్ధి అయ్యాయి, అల్ట్రాసౌండు పరికరాలు వచ్చాయి, పిండాలను ఘనీభవింపజేసే పద్ధతులు సులభమయ్యాయి. కానీ ఒకే మోతాదు మందుకు రెండు ఆవులు చూపే స్పందనలోని తేడా మాత్రం అలాగే ఉండిపోయింది.

సగటు దాచిపెట్టేది

1980లలో అమెరికాలో మాంసపు జాతుల దాత ఆవుల నుండి జరిపిన 2,048 పిండ సేకరణల విశ్లేషణ ఈ రంగంలో తరచుగా ఉదాహరించబడుతుంది. సగటున ఒక్కో సేకరణకు 11.5 అండాలు, పిండాలు లభించగా వాటిలో 6.2 మాత్రమే మార్పిడికి పనికివచ్చాయి. వినడానికి ఈ సగటు బాగానే ఉంది. అయితే ఆ సేకరణల్లో 24 శాతం ఒక్క పనికివచ్చే పిండాన్ని కూడా ఇవ్వలేదు. 64 శాతం సగటు కంటే తక్కువ ఇచ్చాయి. మొత్తం పిండాల్లో 70 శాతం కేవలం 30 శాతం సేకరణల నుండే వచ్చాయి. అంటే పది ఆవులకు మందు వేస్తే మూడు ఆవులు పని చేస్తున్నాయి, రెండు మూడు ఆవులు ఏమీ ఇవ్వడం లేదు. పొలంలో సగటు దిగుబడిని చూసి ఎక్కడ మొలక రాలేదో తెలుసుకోలేనట్లే, పిండాల సగటును చూసి ఏ ఆవు ఎందుకు విఫలమైందో తెలుసుకోలేము. అందుచేత నివేదికల్లో సగటుతో పాటు ఏమీ ఇవ్వని ఆవుల సంఖ్యను, వాటి శరీర స్థితిని, మేత వివరాలను విధిగా ప్రచురించవలసి ఉంది.

ఈ తేడాలో ఒక భాగం పుట్టుకతో వచ్చేది. రెండు అండాశయాలపై 3 మిల్లీమీటర్లు మించిన పుటికల సంఖ్య ఒక ఆవులో పదికి లోపు, మరొక ఆవులో యాభైకి పైగా ఉండవచ్చు. ఒకే ఆవులో మాత్రం ఈ సంఖ్య విడత విడతకూ దాదాపు స్థిరంగా ఉంటుంది. అందువల్ల ఒక్కసారి అల్ట్రాసౌండుతో లెక్కిస్తే ఆ ఆవు మందుకు ఎలా స్పందించగలదో చాలావరకు అంచనా వేయవచ్చు. రక్తంలో ఆంటీ ముల్లేరియన్ హార్మోను స్థాయి కూడా ఇదే సూచన ఇస్తుంది. పాల దిగుబడి, వంశావళి చూసి ఎంపిక చేసిన ఆవు మేలైన దాత కావాలన్న నియమమేమీ లేదు. అల్ట్రాసౌండు పరికరం ఉండి కూడా పుటికలు లెక్కించకుండానే ఖరీదైన మందు వేయడం విత్తనానికి మొలక పరీక్ష చేయకుండా విత్తడంతో సమానం.

మందు మొదలుపెట్టే సమయం కూడా ముఖ్యమే. ప్రధాన పుటిక అప్పటికే ఎదిగి ఉంటే కొత్త పుటికలు లేవు, మందు వృథా అవుతుంది. ఎద తర్వాత 8 నుండి 12 రోజుల మధ్య మొదలుపెట్టాలన్న పాత సూత్రానికి కారణం రెండవ విడత పుటికలు సుమారుగా అప్పుడే బయలుదేరడం. ప్రొజెస్టరోన్ పరికరాన్ని యోనిలో అమర్చి, ఈస్ట్రడయోల్ ఇచ్చి కొత్త విడతను నాలుగవ రోజుకు రప్పించే పద్ధతి కూడా ఉంది. అయితే ఐరోపా దేశాల్లో ఈస్ట్రడయోల్ వాడకం నిషిద్ధం కావడంతో, అక్కడ పెద్ద పుటికను సూదితో తొలగించే పద్ధతిని అనుసరిస్తున్నారు. ఇవన్నీ పశువైద్యుల చేతిలోని అంశాలు. వీటిపై సాహిత్యం విస్తారంగా ఉంది, శిక్షణ కూడా లభిస్తున్నది.

ఒంగోలు ఆవుకు హోల్‌స్టీన్ కొలత

ఇక్కడ జాతి విషయం ప్రస్తావించక తప్పదు. మోతాదుల పట్టికలు ఎక్కువగా ఐరోపా జాతుల కోసం తయారయ్యాయి. మూపురం గల జాతుల్లో పుటికల సంఖ్య ఎక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్‌కు సున్నితత్వం కూడా ఎక్కువ. హోల్‌స్టీన్ ఆవులో ప్రధాన పుటిక సుమారు 8.5 మిల్లీమీటర్ల వద్ద మిగిలినవాటి నుండి వేరుపడితే, బ్రెజిల్‌లోని నెలోర్ ఆవులో సుమారు 6 మిల్లీమీటర్లకే వేరుపడుతుంది. హోల్‌స్టీన్‌కు సూచించే 400 మిల్లీగ్రాముల మోతాదులో సగం లేదా అంతకంటే తక్కువ ఈ జాతులకు సరిపోతున్నది. మోతాదు మించితే అండాశయాలు ఉబ్బి, పుటికలు పగలక, విడుదలైన అండాలు కూడా ఫలదీకరణ చెందక మొత్తం ప్రయత్నం చెడుతుంది. పుంగనూరు వంటి చిన్న ఆవు విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. సంఖ్యలో తక్కువగా మిగిలిన జాతిలో మోతాదు పొరపాటు వల్ల ఒక దాత ఆవు ఒక సీజను కోల్పోయినా నష్టం పెద్దదే.

ఎద లక్షణాల్లోనూ భేదముంది. మూపురం గల ఆవుల్లో ఎద సుమారు పది పన్నెండు గంటలకు మించదు, తరచు రాత్రి వేళ వస్తుంది. ఉదయం ఎనిమిది గంటలకు విధులకు వచ్చి ఎద గమనించే ఏర్పాటులో గర్భధారణ సమయం తప్పిపోవడం ఆశ్చర్యం కాదు. ఫలదీకరణ చెందని అండాలు ఎక్కువగా వచ్చాయని వీర్యాన్ని నిందించే ముందు రాత్రి కాపలా ఎవరు చేశారో చూడాలి. లింగ నిర్ధారిత వీర్యం వాడే చోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మామూలు స్ట్రాలో సుమారు రెండు కోట్ల శుక్రకణాలు ఉంటే లింగ నిర్ధారిత స్ట్రాలో సుమారు ఇరవై లక్షలే ఉంటాయి. బహుళ అండోత్సర్గం జరిగిన ఆవులో అండాలు ఒకేసారి కాక కొన్ని గంటల వ్యవధిలో విడుదలవుతాయి కాబట్టి పనికివచ్చే పిండాల సంఖ్య గణనీయంగా పడిపోతుంది. పెయ్యదూడలే కావాలన్న తొందరలో ఈ లెక్క మరువకూడదు.

నెలోర్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుండి వెళ్లిన పశువుల సంతతే ఈ జాతి. ప్రధానమైన దిగుమతుల్లో చివరివి 1960ల ఆరంభంలో జరిగాయి. నేడు ప్రయోగశాల పిండాల ఉత్పత్తిలో బ్రెజిల్ ప్రపంచంలో అగ్రస్థాయిలో నిలవడానికి నెలోర్ ఆవు అండాశయాల సంపద ఒక ముఖ్య కారణం. ఆ విజయాన్ని జన్యువులకూ, ప్రయోగశాలలకూ ఆపాదించడం పరిపాటి. కానీ అదే కాలంలో బ్రెజిల్ మధ్య ప్రాంతపు సెరాడో భూముల్లో ఆఫ్రికా నుండి తెచ్చిన బ్రాకియేరియా గడ్డి విస్తరించింది. అక్కడి ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎంబ్రాపా 1984లో విడుదల చేసిన మరాండు రకం ఆ పచ్చిక బయళ్లకు వెన్నెముక అయింది. గడ్డి పరిశోధన తోడు లేకుండా ఆ ఆవులు అన్ని అండాలను ఇచ్చి ఉండేవని భావించడం కష్టం. గుంటూరు సమీపంలోని లాం క్షేత్రంలోనూ, పుంగనూరు జాతిని కాపాడుతున్న పలమనేరు క్షేత్రంలోనూ ఉన్నది అదే కోవకు చెందిన విలువైన సంపద. ఆ సంపదకు మేత తోడు ఎంత అన్నదే ప్రశ్న.

అండం పెరిగే కాలం, మేత అందే కాలం

ద్రవం నిండే దశకు చేరిన చిన్న పుటిక పక్వమై పగలడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. డిసెంబరు చివరి వారంలో సేకరించే పిండం నవంబరు తొలి వారాల్లోనే ఆవు శరీరంలో రూపుదిద్దుకోవడం మొదలుపెట్టిందన్న మాట. ఆ ఆరు వారాల్లో ఆవు బక్కచిక్కుతూ ఉంటే, జ్వరంతో ఉంటే, ఎండకు వగరుస్తూ ఉంటే ఆ ముద్ర అండంపై పడుతుంది. మందు వేసే నాలుగు రోజులు దాణా పెంచినంత మాత్రాన అది తొలగిపోదు. ఈని రెండు నెలలు కాని, బరువు కోల్పోతున్న పాడి ఆవును దాతగా ఎంచుకోరాదన్న నియమం దీని నుండి వచ్చిందే.

ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో మరొక చిక్కు ఉంది. అధికంగా మేసే ఆవులో కాలేయానికి రక్తప్రసరణ పెరిగి, ప్రొజెస్టరోన్, ఈస్ట్రడయోల్ హార్మోన్లు వేగంగా విచ్ఛిన్నమవుతాయి. పుటికలు పెరిగే సమయంలో ప్రొజెస్టరోన్ తక్కువగా ఉంటే పిండాల నాణ్యత తగ్గుతుందని, బయటి నుండి ప్రొజెస్టరోన్ అందిస్తే మెరుగుపడుతుందని పరిశోధనలు చూపాయి.

అయితే పోషణ అంటే ఎక్కువగా మేపడం అని అర్థం కాదు. ఇది సంస్థల క్షేత్రాల్లో తరచు జరిగే పొరపాటు. దాతగా ఎంపికైన ఆవు వట్టిపోయి, కట్టుకొయ్య వద్దే ఉండి, గౌరవార్థం అన్నట్లు దాణా మీద దాణా తింటూ బలుస్తుంది. పెయ్యలపై జరిగిన ప్రయోగాల్లో అధిక మేత సన్నని పశువుల అండాల నాణ్యతను పెంచగా, ఒక మాదిరిగా కండపట్టిన పశువుల్లో అదే మేత నాణ్యతను తగ్గించింది. ఇన్సులిన్ అతిగా పెరగడం దీనికి ఒక కారణంగా భావిస్తున్నారు. ఐదు అంకెల శరీర స్థితి కొలతలో 2.5 నుండి 3.5 మధ్య ఉన్న ఆవే దాతగా తగినది. 4 దాటిన ఆవుకు ముందు చేయవలసింది దాణా తగ్గించడం. ఇది ఖర్చు లేని చికిత్స.

యూరియా అంశం పశుగ్రాస శాస్త్రానికి నేరుగా చెందినది. సంకర నేపియర్‌ను కోసిన ప్రతిసారీ యూరియా చల్లడం రైతుల అలవాటు, సిఫారసు కూడా అదే. చల్లిన వారం పది రోజులకే లేత గడ్డిని కోసి వేస్తే అందులో నత్రజని ఎక్కువ భాగం నైట్రేట్ల రూపంలో, త్వరగా కరిగే రూపంలో ఉంటుంది. దానికి తోడు పిండి పదార్థం తక్కువైన మేత అయితే ఆ నత్రజని రక్తంలో యూరియాగా చేరుతుంది. రక్తంలో యూరియా నత్రజని డెసిలీటరుకు 19–20 మిల్లీగ్రాములు దాటితే చూడి నిలవడం తగ్గుతుందని పాడి శాస్త్రంలో చాలాకాలంగా తెలుసు. బహుళ అండోత్సర్గం జరిపిన పాడి ఆవులపై అమెరికాలో చేసిన ఒక ప్రయోగం మరింత ఆలోచింపజేస్తుంది. యూరియా ఎక్కువగా ఉన్న ఆవుల నుండి ఏడవ రోజున తీసిన పిండాలు సంఖ్యలోనూ, సూక్ష్మదర్శిని కింద రూపంలోనూ మిగతావాటికి తీసిపోలేదు. కానీ వాటిని పెయ్యల్లో ప్రవేశపెట్టినప్పుడు చూడి నిలిచినవి మూడో వంతు మాత్రమే, అంటే యూరియా మితంగా ఉన్న ఆవుల పిండాలతో పోలిస్తే. దెబ్బ కంటికి కనిపించకుండానే తగిలిందన్న మాట. మొదటి శ్రేణి పిండమని రాసి పంపిన స్ట్రా రైతు పెయ్యలో నిలవకపోతే, తప్పు పెయ్యది అనో, ప్రవేశపెట్టిన వైద్యుడిది అనో అనుకోవడమే జరుగుతుంది. దాత ఆవుల కోసం కేటాయించిన మడిలో యూరియాకూ, కోతకూ మధ్య కనీసం మూడు వారాల వ్యవధి పాటించడం కష్టమైన పని కాదు.

గుంటూరు, పల్నాడు, తెలంగాణ పత్తి జిల్లాల్లో పత్తిగింజల చెక్క దాణాలో ప్రధాన భాగం. పాలకు, వెన్నకు మంచిదన్న పేరు దానికి ఉన్నది, నిజమే కూడా. కానీ అందులోని గాసిపాల్ పిండాల ఎదుగుదలను కుంటుపరుస్తుందని హోల్‌స్టీన్ పెయ్యలపై జరిపిన పరిశోధనలు సూచించాయి. పాడి ఆవుకు సరిపోయే దాణా దాత ఆవుకు సరిపోవాలని లేదు. పిండ సేకరణకు ముందు రెండు నెలల పాటు పత్తి చెక్కకు బదులు వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క వాడటం వివేకవంతం. వేరుశనగ చెక్కలో బూజు విషాలు లేవని నిర్ధారించుకోవాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

వరిగడ్డి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మాంసకృత్తులు 3–4 శాతం, సిలికా ఎక్కువ, విటమిన్ ఎ కి మూలమైన బీటా కెరోటీన్ దాదాపు శూన్యం. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ ల్యూటియం అన్న పేరుకు పసుపు దేహమని అర్థం. ఆ పసుపు రంగు పచ్చిమేతలోని కెరోటీన్ వల్ల వచ్చినదే. విటమిన్ ఎ ఇంజెక్షను ఇచ్చిన దాతల్లో మేలైన పిండాలు ఎక్కువగా లభించినట్లు పరిశోధనలు ఉన్నాయి. పచ్చిమేత ఉన్న చోట ఆ సూది అవసరమే రాదు. డెల్టాలో వరిగడ్డిపైనే ఆధారపడిన పశువుల్లో భాస్వరం, రాగి, జింకు లోపాలు సాధారణం. సంకర నేపియర్ ఒక్కటే మేపితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. కాబట్టి పప్పుజాతి మేత కలపడం, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వడం దాత ఆవు విషయంలో తప్పనిసరి.

డిసెంబరు పిండాలకు జూలై విత్తనం

తెలుగు రాష్ట్రాల్లో దాత ఆవుకు అసలు శత్రువు వేసవి. ఫ్లోరిడాలో జరిగిన పరిశోధనల ప్రకారం ఎద వచ్చిన తొలి ఒకటి రెండు రోజుల పిండం వేడికి అత్యంత సున్నితం. మూడవ రోజు నుండి అది క్రమంగా తట్టుకోవడం నేర్చుకుంటుంది. మూపురం గల జాతుల పిండాలు కొంత ఎక్కువ వేడిని భరించగలవు గాని, జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులకు ఆ సౌకర్యం లేదు. పైగా వేసవిలో దెబ్బతిన్న పుటికలు ఆరు వారాల తర్వాత కూడా తమ ప్రభావం చూపుతాయి కాబట్టి వానలు పడగానే అంతా కుదుటపడిందని భావించరాదు. దీని నుండి ఒక ఉపయోగకరమైన పద్ధతి తోస్తుంది. పిండాలను నవంబరు నుండి ఫిబ్రవరి లోపు సేకరించి ఘనీభవింపజేసి, అవసరమైన కొన్నింటిని వేసవిలో గ్రహీత ఆవుల్లో ప్రవేశపెట్టవచ్చు. ఏడు రోజుల పిండం సున్నితమైన దశను చల్లని కాలంలోనే దాటి వచ్చింది కనుక గ్రహీతలో నిలిచే అవకాశం కృత్రిమ గర్భధారణ కంటే మెరుగు.

డిసెంబరు, జనవరి నెలల్లో సేకరణ జరగాలంటే అక్టోబరు నుండి ఆవుకు నిండుగా, సమతుల్యంగా మేత అందాలి. అంటే సంకర నేపియర్ కణుపులు జూన్, జూలై తొలకరికే నాటి ఉండాలి. తొలి కోత 70–75 రోజులకు, ఆ తర్వాత 40–45 రోజులకు ఒకటి. పది దాత ఆవులకు రోజుకు 25 కిలోల చొప్పున అరవై రోజులకు కావలసింది 15 టన్నుల పచ్చిమేత. నీటి వసతి గల ఏపీబీఎన్-1 లేదా కో-4 రకం ఎకరం మడి ఆ కాలానికి ఇంచుమించు సరిపోతుంది. చలికి నేపియర్ ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి సెప్టెంబరులో జొన్న, అలసంద కలిపి విత్తిన మరో అర ఎకరం ఉండాలి. అక్టోబరులో విత్తిన లూసర్న్ డిసెంబరు చివరికి తొలి కోతకు వస్తుంది. జొన్నను పూతకు ముందు కోయరాదన్న హెచ్చరిక ఎవరికీ కొత్త కాదు. సుబాబుల్ ఆకును మాత్రం మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించనీయకూడదు. మొత్తం మీద ఒకటిన్నర ఎకరాల భూమి, ఒక బోరు, ఒక మనిషి. హార్మోన్ల వ్యయంతోనూ, విఫలమైన సేకరణల వ్యయంతోనూ పోల్చితే ఇది భారం కాదు. ఐదు నెలల ముందు నిర్ణయం తీసుకోవడమే అసలు కష్టం. నిధులు మంజూరయ్యే తేదీని బట్టి, నిపుణుల బృందం వచ్చే తేదీని బట్టి సేకరణ తేదీ ఖరారవుతున్నంత కాలం విత్తే తేదీ గురించి ఆలోచించే వ్యవధి ఉండదు.

ప్రయోగశాలలో అండాలను ఫలదీకరించే పద్ధతి వచ్చాక బహుళ అండోత్సర్గం గురించి ఇంత చర్చ దేనికన్న అభ్యంతరం ఉంది. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాల పిండాల సంఖ్య ఆవు గర్భంలో ఏర్పడిన పిండాల సంఖ్యను 2016లో తొలిసారి దాటిన మాట వాస్తవం. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద దేశంలోనూ ఆ పద్ధతికే ప్రోత్సాహం లభిస్తున్నది. అయితే పద్ధతి మారినంత మాత్రాన అండం మారదు. సూదితో లాగిన అండం కూడా అదే ఆరు వారాల మేత మీద పెరిగినదే. పైన చెప్పిన సన్నని, బలిసిన పెయ్యల ప్రయోగం జరిగింది కూడా అలా సేకరించిన అండాలపైనే. గర్భంలో ఏర్పడిన పిండాలు ఘనీభవనాన్ని బాగా తట్టుకుంటాయి కనుక పెద్ద ప్రయోగశాల లేని జిల్లా క్షేత్రాలకు బహుళ అండోత్సర్గం ఇంకా చాలాకాలం అనువైన మార్గంగానే ఉంటుంది.

ఈ చర్చలో చాలావరకు మరుగున పడిన అంశం మరొకటి ఉంది. చూడి ప్రారంభానికి కాస్త ముందు నుండి తొలి మూడు నెలలు ముగిసేవరకు తల్లి ఆవులకు శరీర నిర్వహణకు కావలసిన మేతలో 60 శాతమే ఇచ్చి చేసిన ఒక ప్రయోగంలో, వాటికి పుట్టిన పెయ్యలు మామూలు బరువుతోనే పుట్టాయి, మామూలుగానే పెరిగాయి. కానీ వాటి అండాశయాలపై పుటికల సంఖ్య మిగిలిన పెయ్యలతో పోలిస్తే సగానికి మించి తక్కువ. దూడ గర్భంలో ఉండగానే అండాశయపు నిల్వ ఏర్పడుతుంది, ఆ సమయంలో కలిగిన లోటును తర్వాతి మేత పూడ్చలేదు. రాయలసీమలోనూ, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లోనూ ఫిబ్రవరి నుండి జూన్ వరకు పచ్చిమేత కనిపించదు. ఆ నెలల్లో చూడి కట్టిన ఆవు వరిగడ్డి మీద, వేరుశనగ కట్టె మీద కాలం వెళ్లదీస్తుంది. మంచి వంశావళి ఉండి కూడా మందుకు స్పందించని దాత అని తిరస్కరించబడే ఆవుల్లో కొన్ని అలాంటి వేసవిలో కడుపున పడినవి కావచ్చు. జాతి పరిరక్షణ క్షేత్రాల్లోనైనా ప్రతి దాత ఆవు తల్లి ఏ నెలలో చూడి కట్టిందో, అప్పుడు ఏమి మేసిందో రికార్డు చేయడం ఇప్పుడే మొదలుపెట్టాలి. వర్షాకాలపు మిగులు జొన్న, మొక్కజొన్నలను పాతర వేసి, ఆ పాతర గడ్డిని పాలిచ్చే ఆవులకంటే ముందుగా కొత్తగా చూడి కట్టిన ఆవులకు కేటాయించాలి.